అప్పలస్వామి కాగితం

"అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? ఈ రెండింటికీ జవాబు చెప్పండి. ఆ తరవాత మీరు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

ప్రమోద గొంతు పెంచలేదు. వంటింటి బల్ల మీద, కాఫీ కప్పుకూ టోస్టు పళ్ళేనికీ నడుమ, పసుపుబారిన కాగితం ఒకటి నాలుగు మడతలూ విప్పి పరచి ఉంది. అంచులు లేవకుండా ఒకవైపు ఉప్పు సీసా, మరొకవైపు మిరియాల సీసా పెట్టింది.

డాక్టర్ సూర్యప్రకాశ్ గోడ గడియారం వైపు చూశాడు. ఏడున్నర. ఎనిమిదింటికి ఆపరేషన్ థియేటర్‌లో ఉండాలి. మత్తు ఇచ్చే డాక్టరు రానిదే అక్కడ కత్తి కదలదు.

"పొద్దున్నే ఏమిటీ కోర్టు?"

"ఆదివారం నుంచి అడుగుతున్నాను. ఇవాళ బుధవారం. పొద్దున మీకు ఆపరేషన్లు, సాయంత్రం మీటింగులు. శుక్రవారం రెండు గంటలకు తోట అమ్మకం. నేనెప్పుడు అడగాలి?"

"ఆ కాగితం నీ చేతికెలా వచ్చింది?"

"శాంతి ఇచ్చింది. మీరు డ్యూటీలో ఉండగా వచ్చింది. ప్యాకింగ్ షెడ్డులో పని మానేస్తోందిట. 'మా నాన్న వ్రాసుకున్న పాట ఒక్కసారి ఆయన భాషలో, ఆడమనిషి గొంతుతో వినాలని ఉంది' అంది. మడత విప్పి మొదటి రెండు పంక్తులు చదివాను."

"చదివి?"

"కళ్ళజోడు ఎక్కడో పెట్టానన్నాను. జోడు నా ముక్కు మీదే ఉంది. ఆమె చూసింది. చూసి, 'పరవాలేదు, శుక్రవారం వస్తాను' అని కాగితం వదిలి వెళ్ళింది."

సూర్యప్రకాశ్ కప్పు ఎత్తి, తాగకుండానే దించాడు.

"అన్యాయం చేసింది లిండ్ ఇంటివాళ్ళు, ప్రమోదా. నేను కాదు. డెబ్భై ఏడు మార్చిలో నా కష్టార్జితమంతా పోసి కొన్నాను. కొన్ననాడు నాకీ కాగితం సంగతే తెలియదు."

"ఎప్పుడు తెలిసింది?"

"జూన్‌లో. అప్పుడు తెచ్చింది ఆవిడ."

"చదివారా?"

"చదివాను."

"చదివి ఏమని చెప్పారు?"

ఫ్రిజ్ మోటారు ఆగింది.

"సింహాచలం అప్పన్న మీద పాట అని చెప్పాను," అన్నాడు సూర్యప్రకాశ్. కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

*

జరిగినది ఇది.

భీమిలి తీరం నుంచి రంగూను వెళ్ళిన అప్పలస్వామి అనే కూలివాడు, అక్కడి నుంచి మరో ఓడ పట్టి 1909లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాడు. పంజాబీ రైతులతో కలిసి ఎనిమిదేళ్ళు ఇతరుల ద్రాక్షతీగలు కత్తిరించాడు. 1917లో కాలిఫోర్నియా నడి లోయలో ఉన్న ఫ్రెస్నో పొలిమేరలో ఇరవై ఎకరాలు కొన్నాడు. మెక్సికో పిల్లను పెళ్ళాడాడు.

1923లో ఆ దేశపు పెద్దకోర్టు, మన దేశస్థులు తెల్లవారు కారు గనుక పౌరులు కాజాలరని తీర్పు చెప్పింది. పౌరులు కాజాలనివారు కాలిఫోర్నియాలో భూమి ఉంచుకోరాదన్నది ఆ రాష్ట్రపు చట్టం. చేతిలోని భూమి సర్కారు పాలు కాకముందే, నమ్మిన తెల్లరైతు ఎవరైనా ఉంటే అతని పేరున వ్రాసి, నిజానికి తామే సాగుచేసుకోవడం అప్పటి మనవారి తెలివి. అప్పలస్వామి కూడా పొరుగున ఉన్న ఆస్కార్ లిండ్ పేరున, పది డాలర్లకు అమ్మినట్టుగా వ్రాశాడు.

అంతటితో ఆగి ఉంటే మాట మాత్రమే మిగిలేది. అతడు జాగ్రత్తపరుడు. అదే రోజు ఒక కరారు వ్రాసి, కింద లిండ్ చేత సంతకం పెట్టించుకున్నాడు. ఇంగ్లీషులో వ్రాస్తే అది పోలీసులకు సాక్ష్యమవుతుందని భయపడి తెలుగులో వ్రాశాడు.

ఆ లోయలో తెలుగు చదవగలిగిన మనిషి అతడొక్కడే.

లిండ్ బతికినన్నాళ్ళూ మాట నిలబెట్టాడు. 1939లో అతడు పోయాడు. కొడుకు ఆ కాగితం చూసి నవ్వాడు. "ఈ పురుగుల గీతలు ఎవరు గీశారు?" అన్నాడు. అప్పలస్వామి కుటుంబం వారం రోజుల్లో తోట విడిచింది. పంజాబీ మిత్రులకు ఆ లిపి రాదు. కోర్టుకు వెళితే ముందు శిక్ష పడేది తనకే. కట్టుకున్న భార్య సైతం నమ్మలేదు. పది డాలర్లకు తోట తెగనమ్మి తాగేశాడని, అడిగినప్పుడల్లా తానే గీసుకున్న గీతలు చూపిస్తున్నాడని ఆమె నమ్మకం. 1951లో కౌంటీ ఆసుపత్రిలో అతడు పోయినప్పుడు మంచం పక్కన కూతురు శాంతి ఒక్కతే ఉంది. ఆమెకూ నమ్మకం లేదు, జాలి ఉంది.

ఇరవై ఆరేళ్ళ తరవాత, ఆ చట్టాలన్నీ ఎప్పుడో పోయాక, ఆ తోటను ఒక తెలుగు డాక్టరు కొన్నాడని విని, శాంతి కాగితం పట్టుకుని పరుగున వచ్చింది. ఆ లోయలో తెలుగు చదవగలిగిన రెండో మనిషి దొరికాడు.

ఆ రెండో మనిషి అది పాట అన్నాడు.

*

గురువారం మధ్యాహ్నం కృష్ణమోహన్ వచ్చాడు. ఇంజనీరు ఉద్యోగం పోయాక ఇళ్ళూ పొలాలూ అమ్మిపెట్టే లైసెన్సు సంపాదించినవాడు. సూర్యప్రకాశ్‌కు గుంటూరులో చదువుకున్ననాటి స్నేహితుడు. ఇళ్ళు కట్టే కంపెనీతో ఈ బేరం కుదిర్చింది అతడే. చేతిలో సంచీనిండా పెరటి వంకాయలు.

"చెల్లెమ్మా, గుత్తివంకాయ కూర నీ చేతిదే తినాలి. మా ఆవిడ చేస్తే వంకాయ కనిపించదు, కారమే కనిపిస్తుంది."

"కూర చేసి పంపిస్తాను అన్నయ్యగారూ. సంతకానికి వచ్చి ఉంటే, అది మాత్రం జరగదు."

"అప్పుడే గేటు వేసేస్తే ఎలాగమ్మా? కూర్చోనియ్యి ముందు."

ప్రమోద కాఫీ ఇచ్చింది. అతడు రెండు గుక్కలు తాగి, గొంతు సవరించుకున్నాడు.

"వాడు నాకంతా చెప్పాడు. తప్పే. కాదనను. కానీ ప్రాక్టికల్‌గా ఆలోచించు. ఈ రాష్ట్రంలో పెళ్ళయిన తరవాత కొన్న ఆస్తి ఇద్దరిదీ. నీ సంతకం లేకపోతే రేపు బేరం లేదు. బేరం లేకపోతే వాడు కొనబోయే క్లినిక్ వాటా లేదు, దానికి అడ్వాన్సుగా కట్టింది తిరిగి రాదు. యాభై ఏళ్ళ వయసులో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి."

"అప్పలస్వామి ఎన్నేళ్ళ వయసులో మొదలుపెట్టాడో తెలుసా?"

"ఆ కాగితానికి లీగల్‌గా విలువ సున్నా చెల్లెమ్మా. ఎప్పుడో కాలదోషం పట్టింది."

"చట్టం ఏమంటుందో నేను అడగలేదు."

"సరే. ఆవిడకు ఐదు వేలు గిఫ్ట్‌గా ఇప్పిస్తాను. నా కమిషన్‌లోంచి వెయ్యి కలుపుతాను. ఆవిడ సంతోషిస్తుంది."

"ఏమని చెప్పి ఇస్తారు?"

"ఊరికే. గుడ్‌విల్."

"పాట బాగుందనా?"

కృష్ణమోహన్ ముఖం ఎర్రబడింది. నవ్వబోయి మానుకున్నాడు.

"మనవాళ్ళలో లేదా ఇది? మన దగ్గర సీలింగ్ చట్టం వచ్చినప్పుడు మా నాన్న అన్నదమ్ముల పేరున వ్రాశాడు, అల్లుడి పేరున వ్రాశాడు, ఆఖరికి పాలేరు పేరున కూడా వ్రాశాడు. ఒకరి భూమి ఒకరి పేరున ఉండటం మనకేమీ కొత్త కాదు. కొన్ని నిలుస్తాయి, కొన్ని పోతాయి."

"మీది ఎవరి పేరున ఉంది?"

"తెనాలి దగ్గర ఆరెకరాలు మా బావ పేరున ఉంది."

"కాగితం ఉందా?"

"బావ దగ్గర కాగితమేమిటమ్మా, మాట."

"రేపు బావగారు కాలం చేస్తే, వాళ్ళబ్బాయి 'ఏ మాట మామయ్యా?' అంటే?"

"వాడు అటువంటివాడు కాదు."

"లిండ్ కొడుకును అప్పలస్వామి చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తోటంతా తిప్పాడట. శాంతి చెప్పింది. 'వాడు అటువంటివాడు కాదు' అని ఆయనా అనుకునే ఉంటాడు."

కృష్ణమోహన్ కప్పు బల్ల మీద పెట్టాడు. లేచి గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"రేపు రెండింటికి మాత్రం రా చెల్లెమ్మా. సంతకం పెట్టినా, పెట్టకపోయినా. నువ్వు రాకపోతే వాడు పదిమందిలో ఒంటరివాడవుతాడు."

"వస్తాను. ఒక్కదాన్నే రాను."

*

పదిహేడేళ్ళ రేణు హైస్కూలు నుంచి రాగానే, ప్రమోద కూతురి చేత కారు నడిపించుకుని తోటకు వెళ్ళింది.

సెప్టెంబరు ఎండ. కోసిన ద్రాక్షగుత్తులను వరుసల మధ్య నేల మీద కాగితాలు పరచి ఎండబెట్టారు. ఇంకో వారం ఎండ కాస్తే కిస్మిస్. ఒక్క వాన పడితే పెంట. దక్షిణాన మబ్బు ఒకటి సన్నగా లేచి ఉంది. కూలీలు దానివైపు చూస్తూనే వంగి పని చేస్తున్నారు.

"మామ్, ఇంట్లో ఎవ్వరూ మాట్లాడట్లేదు. డాడ్ నిన్న డిన్నర్ తినలేదు. ఈజ్ ఇట్ అబౌట్ శాంతి ఆంటీ?"

ప్రమోద సంచీలోంచి కాగితం తీసి ఇచ్చింది. రేణు అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకు ఈ లెటర్స్ ఏవీ తెలీదు. యూ నో దట్. నువ్వు చదువు."

ప్రమోద చదివింది. అర్థం కాని మాటలకు ఇంగ్లీషు చెప్పింది. చివరికి, ఏడేళ్ళ కిందట తండ్రి ఏం చేశాడో కూడా చెప్పింది. దాచిపెట్టాలని దారంతా అనుకుంది, దాచలేకపోయింది.

రేణు చెప్పు కొనతో మట్టిలో గీత గీసింది. చెరిపింది.

"డాడ్ అలా చేశాడా? మా డాడ్?"

"చేశారు."

"శాంతి ఆంటీ ప్లేస్‌లో నేను ఉంటే, నాకూ తెలీదు. డాడ్ ఏం చెప్తే అది నమ్మేదాన్ని."

పిల్లకు తెలుగు నేర్పాలని ప్రతి వేసవిలోనూ అనుకోవడం, ప్రతి వేసవిలోనూ వాయిదా వేయడం ప్రమోదకు గుర్తుకు వచ్చాయి.

"టైపింగ్ క్లాసులో నీకేం గ్రేడు వచ్చింది?" అని అడిగింది ప్రమోద.

"'ఏ' గ్రేడు. వై?"

"స్టేషనరీ షాపులో భూమి వ్రాసి ఇచ్చే ఖాళీ ఫారాలు అమ్ముతారు. ఒకటి కొన్నాను. తప్పులు లేకుండా నింపాలి."

*

ఆ సాయంత్రం సూర్యప్రకాశ్ తొందరగా ఇంటికి వచ్చాడు. బల్ల మీద టైపు చేసిన ఫారం ఉంది. నిలబడే చదివాడు. ఇచ్చేవారు సూర్యప్రకాశ్, ఆయన భార్య ప్రమోద. పుచ్చుకొనేవారు అప్పలస్వామి కుమార్తె శాంతి.

"అయితే నిర్ణయమైపోయింది. నాతో మాట్లాడనైనా మాట్లాడకుండా."

"ఏడేళ్ళ కిందట మీరు నాతో మాట్లాడారా?"

"నేనీ దేశంలో ఎనిమిది డాలర్లతో దిగాను, తెలుసా నీకు? పదహారేళ్ళు ఎవరూ చేయని డ్యూటీలు చేశాను. పండగ లేదు, పబ్బం లేదు. ఆ తోట కొన్ననాడు మొదటిసారి ఈ నేల మీద నాకూ చోటుందనిపించింది. మూడు నెలలు తిరక్కుండా ఆవిడ వచ్చి ఆ కాగితం చేతిలో పెట్టింది. నిజం చెబుదామనే నోరు తెరిచాను. పాట అని వచ్చింది."

"వచ్చిందా? దానంతట అదే వచ్చిందా?"

"ఏటా ఆవిడకు పది పెట్టెలు కిస్మిస్ పంపాను కదా!"

"ఆమె తోటలో పండినది ఆమెకే దానం చేశారు. ఆమె మీకు దణ్ణం పెట్టింది."

అతడు కుర్చీలో కూలబడ్డాడు. గాయపడినవాడు మాత్రమే అనగలిగే మాట అన్నాడు:

"ఇంతకీ ఎవరి మెప్పు కోసం ఇదంతా? నిన్ను పెంచిన కాన్వెంటు సిస్టర్ల కోసమా? పాపాలు చెప్పుకునే పెట్టె ఇంకా మోస్తున్నావా?"

"వాళ్ళు నాకొకటి నేర్పారు. దొంగిలించినది చేతిలో ఉంచుకుని క్షమాపణ అడగరాదని. నేనూ దొంగనే. ఏడేళ్ళు ఆ తోట డబ్బు తిన్నాను. తెలిశాక కళ్ళజోడు లేదన్నాను. రేపు శాంతిని తీసుకువస్తాను. ఆమెకు నేనేమీ చెప్పలేదు. మీరే చదవాలి. తప్పుగా చదివినవారే సరిగా చదవాలి."

"నేను చదవను."

"అమ్మకానికి నేను సంతకం పెట్టను."

రేణు మెట్ల మీద నిలబడి ఉంది. తండ్రి తలెత్తి చూశాడు. ఆ పిల్ల చూపు తిప్పుకుని పైకి వెళ్ళిపోయింది. వండిన వంకాయ కూర మూత తీయకుండానే చల్లారింది.

*

శుక్రవారం రెండు గంటలకు కృష్ణమోహన్ ఆఫీసులో పొడవాటి బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. కంపెనీ తరఫు మనిషి, నోటరీగా పనిచేసే తెల్ల జుట్టు ఆవిడ, కృష్ణమోహన్, సూర్యప్రకాశ్. తలుపు తెరుచుకుని ప్రమోద, ఆమె వెనక రేణు, వారి వెనక శాంతి వచ్చారు.

యాభై ఎనిమిదేళ్ళ శాంతి చర్చికి వెళ్ళేటప్పుడు వేసుకునే నీలం గౌను వేసుకుంది. ఆమె మాట్లాడేది ఇంగ్లీషు, తల్లి నేర్పిన స్పానిష్. తండ్రి నుంచి మిగిలినవి పది పదిహేను తెలుగు మాటలు. వాటిని నగల్లాగా పండగనాడు మాత్రమే పైకి తీస్తుంది.

"దణ్ణం బాబూ," అంది డాక్టరుతో. ఆపైన ఇంగ్లీషులో, "మీరు చదువుతారని అమ్మగారు చెప్పారు. మీ పని పాడుచేయను. పాట చిన్నదే కదా."

కంపెనీ మనిషి గడియారం చూసుకున్నాడు. కృష్ణమోహన్ తల వంచుకున్నాడు. ప్రమోద కాగితాన్ని భర్త ముందు పరచింది. ఈసారి అంచుల మీద తన రెండు చేతులూ పెట్టింది.

సూర్యప్రకాశ్ పెదవులు కదిలాయి. మాట రాలేదు.

అతడు మరిచిపోయాడేమోనని శాంతికి జాలి కలిగింది.

"మొదలు నేను అందిస్తాను," అంది. "ఆవేళ మీరు చదివినప్పుడు స్పానిష్ అక్షరాల్లో వ్రాసుకుని కంఠతా పట్టాను. ప్రతి ఆదివారం నాన సమాధి దగ్గర చెబుతాను." కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, వంకర పోయిన తెలుగులో చెప్పింది: "అప్పన్నా తండ్రీ, కొండా దిగి రావాయా. సముద్రం దాటి వచ్చాను, చెయ్యి పట్టుకోవాయా."

ఆమె ఏడేళ్ళుగా చెప్పుకుంటున్న ఆ ప్రార్థన, ఆ జూన్ నెల మధ్యాహ్నం, అబద్ధం అతకాలని సూర్యప్రకాశ్ నిలబడ్డపళంగా అల్లిన రెండు ముక్కలు.

"ఆపండి," అన్నాడతడు. "ఆపండమ్మా. అది ఇందులో లేదు."

శాంతి కళ్ళు తెరిచింది.

"లేదు. అది నేను కల్పించి చెప్పాను. ఇందులో ఉన్నది వేరు."

అతడు చదివాడు. ఒక్కో వాక్యం తెలుగులో చదివి, ఇంగ్లీషులో చెప్పాడు. ఆపరేషన్ బల్ల మీద మనిషికి మత్తు ఇచ్చేటప్పుడు అంకెలు లెక్కించే గొంతు అది. ఎత్తూ పల్లమూ లేదు.

"1923వ సంవత్సరం ఏప్రిల్ నెలలో ఆస్కార్ లిండు దొరగారికిన్నీ అప్పలస్వామికిన్నీ కుదిరిన కరారు. నా యిరువది యెకరముల ద్రాక్షతోట యీ దేశపు చట్టము చేత నా పేర నిలువదు గనుక దొరగారి పేర పది డాలర్లకు వ్రాసితిని. ఇది నిజమైన విక్రయము కాదు. భూమి నాది, నా తరువాత నా బిడ్డలది. చట్టము మారిన నాడు నేను గాని నా బిడ్డలు గాని యీ పది డాలర్లు తిరిగి చెల్లించిన యెడల, దొరగారు గాని వారి తరువాత యీ భూమి యెవరి చేత నున్న వారు గాని మాకు తిరిగి వ్రాసి యివ్వవలెను. ఇంగ్లీషున వ్రాసిన పోలీసు పట్టును గనుక నా భాషను వ్రాసితిని. దొరగారు నా నోట విని చేవ్రాలు చేసిరి."

కింద ఇంగ్లీషులో ఆస్కార్ లిండ్ సంతకం. అది మాత్రం అందరూ చదవగలిగారు.

కంపెనీ మనిషి తన కాగితాలు సర్దుకుని, కృష్ణమోహన్ చెవిలో ఏదో చెప్పి, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోయాడు. ఎవరూ అతన్ని ఆపలేదు.

శాంతి ఏడవలేదు. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ద్రాక్ష ఏరి ఏరి వేళ్ళ కొనలు నల్లబడ్డ చేతులు.

"నేను మీ దగ్గరకు వచ్చింది ఏ సంవత్సరం?" అని అడిగింది.

"డెబ్భై ఏడు."

"మా అమ్మ ఎనభై ఒకటిలో పోయింది."

సూర్యప్రకాశ్ తలెత్తలేదు.

"మీ ఇంటి నుంచి తిన్నగా అమ్మ దగ్గరకే వెళ్ళాను. 'అది పాటేనమ్మా' అని చెప్పాను. 'చూశావా, చచ్చేదాకా నాతో అబద్ధమే చెప్పాడు' అంది. తన రాతి మీద ఆయన పేరు చెక్కించవద్దని ఒట్టు వేయించుకుంది. నాలుగేళ్ళు బతికింది డాక్టర్. నాలుగేళ్ళూ ఆయన్ని తిట్టింది. నేనూ అవునవును అన్నాను."

"క్షమించండి," అన్నాడతడు.

"నేనా క్షమించవలసింది?" అంది శాంతి. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. "నాకు తెలీదు. ఆ ఇద్దరూ లేరు."

రేణు గోడవైపు తిరిగి నిలబడింది. ప్రమోద సంచీలోంచి టైపు చేసిన ఫారం తీసి భర్త ముందు పెట్టింది. కలం మూత తీసి, ముందు తాను సంతకం చేసింది. కలం అతని ముందు ఉంచింది. అతడు దానివైపు ఎంతసేపు చూశాడో, గడియారం తప్ప ఎవరూ లెక్కపెట్టలేదు. క్లినిక్ వాటా, అడ్వాన్సు, పదహారేళ్ళ రాత్రులు అన్నీ ఆ చూపులోంచి ఒకటొకటిగా వెళ్ళిపోయాయి.

సంతకం చేశాడు. నోటరీ ముద్ర వేసింది.

"ఇందులోనూ పది డాలర్లకు అని ఉంది," అంది శాంతి, ఫారం మీద వేలు పెట్టి.

"అది అచ్చులోనే వస్తుంది ఆంటీ," అంది రేణు మెల్లగా.

"ఊరికే వ్రాసే మాట," అన్నాడు కృష్ణమోహన్. "ఎవరూ ఇవ్వరు, ఎవరూ తీసుకోరు."

"మా నాన తీసుకున్నాడు."

ఆమె చేతిసంచీ తెరిచింది. ఒక ఐదు డాలర్ల నోటు, నాలుగు ఒక డాలరు నోట్లు, మిగిలినది చిల్లర. చిల్లరను కుప్పలుగా పేర్చి, బల్ల మీదుగా డాక్టరు వైపు జరిపింది.

"వద్దమ్మా. దయచేసి వద్దు. ఎలా తీసుకోను?"

"తీసుకోవాలి. తిరిగి చెల్లించిన యెడల అని మీరే చదివారు." ఆమె మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. "నాన దగ్గర పది డాలర్లు లేక కాదు ఇవ్వనిది. పుచ్చుకునేవాడు లేక. తీసుకుని, ముట్టినట్టు వ్రాసి ఇవ్వండి. ఆయన భాషలో."

సూర్యప్రకాశ్ ఆ డబ్బు దగ్గరకు తీసుకున్నాడు. నోటరీ ఇచ్చిన తెల్లకాగితం మీద తెలుగులో మూడు పంక్తులు వ్రాసి సంతకం చేసి, శాంతి చేతికి ఇవ్వబోయాడు.

శాంతి అందుకోలేదు. ప్రమోద వైపు చూపించింది.

"ఏటి రాసినాడో నువ్వు సదువు అమ్మా," అంది తండ్రి తెలుగులో.

ప్రమోద కళ్ళజోడు తుడుచుకుంది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, బిగ్గరగా చదివింది:

"1923లో అప్పలస్వామిగారు పుచ్చుకున్న పది డాలర్లు, ఆయన కుమార్తె శాంతిగారి వలన ఈ దినమున పూర్తిగా ముట్టినవి. ఇక బాకీ లేదు."